డాక్టరు చేతి మీద పారాచూట్ రెక్కలు: 60 పారా ఫీల్డ్ ఆంబులెన్స్ బ్యాడ్జీలు, చరిత్ర

నాణేల_నాగయ్య

అందరికీ నమస్కారం. రెండు సంగతులు కలిపి అడుగుతున్నాను, కాస్త ఓపిక పట్టండి.

మొదటిది ఒక ఫొటో. కొరియా యుద్ధం నాటిదని కింద రాసి ఉంది. మన సైనికుడే. తల మీద బెరెట్, దాని బ్యాడ్జీలో కర్రకు చుట్టుకున్న పాము. ఎడమ చేతికి తెల్ల పట్టీ, దాని మీద రెడ్‌క్రాస్. వైద్య విభాగం మనిషని ఇంతవరకూ అర్థమైంది. కానీ కుడి చేతి పైభాగంలో తెరుచుకున్న పారాచూట్, రెండు పక్కలా రెక్కలు! విమానంలోంచి దూకేవాళ్ల బ్యాడ్జీ ఈయనకెందుకు?

రెండోది ఆన్‌లైన్ వేలంలో కనిపించిన ఇత్తడి బ్యాడ్జీ. అదే కర్ర, అదే పాము. పైన మాత్రం కిరీటం, కింద 'ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్' అని పట్టీ. "కొరియా వెళ్లిన 60 పారా ఫీల్డ్ ఆంబులెన్స్ వాళ్లది, చాలా అరుదు" అని అమ్మేవాడు ఢంకా బజాయిస్తున్నాడు. ధర కూడా ఆ ఢంకాకు తగ్గట్టే ఉంది. కొనొచ్చా?

సందేహాల_సత్యం

ఎడిట్ చేసిన ఫొటో కాదు కదా అన్నా? ఆపరేషన్ చేసే డాక్టరు విమానంలోంచి దూకడమేంటి?

మాజీ_మెడిక్

ఎడిటింగ్ ఏమీ లేదు సత్యం. నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా పనిచేసి వచ్చాను. పారా యూనిట్‌లో, అంటే పారాచూట్ దళంలో కాదు గానీ, 60 పారా పేరు వినకుండా మా కోర్‌లో ఎవరి సర్వీసూ పూర్తి కాదు.

దూకడం ఎందుకంటే, పారాచూట్ దళాన్ని దింపేదే శత్రువు వెనకభాగంలో. అక్కడికి రోడ్డు మన చేతిలో ఉండదు, ఆంబులెన్స్ బండి రాదు. నేలకు తగిలేటప్పుడే కాళ్లు, మడమలు విరిగేవాళ్లు ఉంటారు. కాల్పులు మొదలయ్యాక సరేసరి. వెనక ఉన్న దళాలు దారి చేసుకుంటూ వచ్చి కలిసేదాకా ఆ గాయపడ్డవాళ్లను ఎవరు చూడాలి? అందుకే సర్జన్, మత్తు ఇచ్చే డాక్టరు, నర్సింగ్ సహాయకులు, స్ట్రెచర్ మోసేవాళ్లు అందరూ దూకడం నేర్చుకుంటారు. సామాను వేరే పెట్టెల్లో పారాచూట్లకు కట్టి దించుతారు. అంత శిక్షణ పూర్తిచేసినవాడికి ఆ రెక్కలు వస్తాయి, చేసేది డాక్టరు పనా వంట పనా అన్నది లెక్కలోకి రాదు.

ఇంకో సంగతి. ఫీల్డ్ ఆంబులెన్స్ అంటే ఒక బండి అనుకునేరు. అది వందల మంది ఉండే యూనిట్. పోరు జరిగేచోటికి దగ్గర్లో డ్రెస్సింగ్ స్టేషన్ పెట్టి, రక్తం ఆపి, ప్రాణం నిలిపే ఆపరేషన్ చేసి వెనక్కి పంపుతుంది. వారాల తరబడి పడుకోబెట్టే ఆసుపత్రి కాదది.

చరిత్ర_పురుగు

నాగయ్య గారూ, మీ ఫొటో నాటి నేపథ్యం నేను చెప్తాను.

1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో మొదటి తీర్మానాలను భారత్ సమర్థించింది, కానీ పోరాడే సైన్యాన్ని పంపనంది. నెహ్రూ ప్రభుత్వం మధ్యేమార్గంగా పంపినది ఈ వైద్య యూనిట్‌నే. నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్. ఈయన మామూలు మనిషి కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో 152 పారాచూట్ బెటాలియన్‌కు వైద్యాధికారి. 1941లో పారాచూట్‌తో దూకిన తొలి భారతీయుల్లో హవల్దార్ మేజర్ మథురా సింగ్‌తో పాటు ఈయన పేరే చెబుతారు. అంటే మన దేశంలో తొలి పారాట్రూపర్లలో ఒకరు డాక్టరు! సత్యం సందేహానికి ఇంతకన్నా జవాబు ఏం కావాలి?

1950 నవంబర్‌లో పుసాన్ రేవులో దిగారు. కొన్ని రోజుల్లోనే పైకి ప్యాంగ్యాంగ్ దాకా వెళ్లారు. సరిగ్గా అప్పుడే చైనా సైన్యం పెద్ద ఎత్తున యుద్ధంలోకి వచ్చిపడింది. డిసెంబర్ మొదటి వారంలో నగరం ఖాళీ చేయమని ఆజ్ఞ. బండ్లు లేవు, వైద్య సామాను వదిలేసి రమ్మన్నారు. సామాను వదిలేస్తే ఆ యూనిట్ కొరియాలో ఉండీ దండగే. ఆ చలిలో మళ్లీ ఎక్కణ్ణుంచి తెస్తారు? మనవాళ్లు స్టేషన్‌లో ఒక ఆవిరి ఇంజిన్‌ను, కొన్ని రైలు పెట్టెలను వెతికి పట్టుకున్నారు. ఇంజిన్ నడపడం తెలిసిన జవాన్లు యూనిట్‌లోనే ఉన్నారు. వరసగా నిలబడి బకెట్లతో నీళ్లు అందించుకుని బాయిలర్ నింపారు. సామానంతా ఎక్కించి, తేడాంగ్ నది వంతెనను కూల్చేసే లోపే రైలును దాటించేశారు.

ఆ తర్వాత బ్రిటిష్ వాళ్ల 27వ కామన్వెల్త్ బ్రిగేడ్‌కు వైద్యసేవ వీళ్లదే. 1951 ఏప్రిల్‌లో కాప్యాంగ్ పోరాటంలోనూ ఉన్నారు. యూనిట్‌లో ఒక భాగం డేగు నగరంలో ఉండి కొరియా సైనికులకు, సామాన్య జనానికి వైద్యం చేసింది.

సందేహాల_సత్యం

రైలు సంగతి అదిరింది. ఇంతకీ కొరియాలో నిజంగా దూకారా, లేక రెక్కలు ఉత్త అలంకారమేనా?

చరిత్ర_పురుగు

దూకారు. 1951 మార్చి 23, ఆపరేషన్ టోమాహాక్. సియోల్‌కు ఉత్తరాన మున్సాన్ దగ్గర అమెరికా 187వ ఎయిర్‌బోర్న్ దళం మూడు వేలకు పైగా మందితో దిగింది. వెనక్కి వెళ్తున్న శత్రు సేనకు అడ్డుపడాలని పథకం. సైనికంగా పెద్ద ఫలితం రాలేదు, అప్పటికే చాలామంది జారుకున్నారు. కానీ దూకిన అమెరికన్ల మధ్య మన సర్జికల్ బృందం కూడా ఉంది, రంగరాజ్ నాయకత్వంలో 12 మంది. దిగీ దిగగానే డ్రెస్సింగ్ స్టేషన్ తెరిచారు. రంగరాజ్‌కు, మేజర్ ఎన్.బి. బెనర్జీకి మహావీర చక్ర వచ్చింది. ఆయుధంతో ఎవరి మీదా దాడి చేయని యూనిట్‌కు పరమవీర చక్ర తర్వాతి పతకం రెండు సార్లు రావడం చిన్న విషయమా?

లలిత_నర్సింగ్

నాగయ్య గారూ, ఫొటోలో టోపీ బ్యాడ్జీ మీద ఒక్క పామే ఉందా, రెండున్నాయా? మా కాలేజీ గోడల మీద, నోటు పుస్తకాల మీద రెండు పాములు, పైన రెక్కలు వేస్తున్నారు. అది చూసినప్పుడల్లా నాకు చిరాకు.

నాణేల_నాగయ్య

ఒక్కటే అమ్మా. రెక్కలు లేవు. చుట్టూ ఆకుల దండ, పైన అశోక సింహాలు.

లలిత_నర్సింగ్

అయితే సరైనదే. ఒక్క పాము చుట్టుకున్న కర్ర గ్రీకుల వైద్య దేవుడు ఆస్‌క్లెపియస్‌ది. రెండు పాములు, రెక్కలు ఉన్నది హెర్మీస్ దండం. ఆయన దేవతల దూత, వర్తకులకు దేవుడు, దొంగలకు కూడా. అమెరికా సైన్యం వైద్య విభాగం 1902లో ఈ హెర్మీస్ దండాన్ని తన బ్యాడ్జీగా తీసుకుంది. అక్కణ్ణుంచి ప్రపంచమంతా పాకింది. బ్రిటిష్ వాళ్లు, వాళ్ల దారిలో మనవాళ్లు ఒక్క పాము దగ్గరే ఆగారు. మంచిపని చేశారు.

మాజీ_మెడిక్

బాగా చెప్పావు లలితా. మా బ్యాడ్జీ కింద పట్టీలో 'సర్వే సంతు నిరామయాః' అని ఉంటుంది. 'సర్వే భవంతు సుఖినః' శ్లోకంలో రెండో ముక్క. మిగతా కోర్‌ల నినాదాల్లో ఎక్కువ భాగం సేవ, శక్తి, ధర్మం అంటాయి. ఇందులో 'సర్వే' అని ఉంది చూడండి, అది ఊరికే పెట్టిన మాట కాదు. చేతికి దొరికిన శత్రు సైనికుడి గాయాన్నీ మనవాడి గాయంలాగే చూడాలి, ఎవరికి ముందు అన్నది వైద్య అవసరాన్ని బట్టే తేలాలి. జెనీవా ఒప్పందం చెప్పేదీ ఇదే.

పతకాల_పంతులు

వేలం సంగతికి వద్దాం, లేకపోతే నాగయ్య గారు డబ్బు కట్టేసేలా ఉన్నారు.

బ్యాడ్జీ వయసు తెలుసుకోవడానికి మూడు తేదీలు చాలు. 1943 ఏప్రిల్ 3న ఇండియన్ మెడికల్ సర్వీస్, ఇండియన్ మెడికల్ డిపార్ట్‌మెంట్, ఇండియన్ హాస్పిటల్ కోర్ మూడింటినీ కలిపి ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్‌ను ఏర్పాటు చేశారు. ఆ పేరుతో ఏ బ్యాడ్జీ అయినా అంతకు ముందుది కాదు. 1950 జనవరి 26న గణతంత్రం వచ్చింది. కిరీటం పోయి అశోక సింహాలు వచ్చాయి, పేరు ముందున్న 'ఇండియన్' కూడా పోయి ఉత్త ఆర్మీ మెడికల్ కోర్ అయింది. మూడోది యూనిట్ కొరియాలో దిగిన 1950 నవంబర్.

కిరీటం, 'ఇండియన్' రెండూ ఉన్నాయంటే మీ వేలం బ్యాడ్జీ 1943, 1950 మధ్య తయారైన నమూనా. యూనిట్ కొరియాలో దిగేనాటికి ఆ నమూనా రద్దయి పది నెలలు. అమ్మేవాడి మాట అక్కడే తేలిపోయింది.

డిపో_బాబాయ్

పంతులు గారూ, కాగితం మీద మీరు చెప్పింది నిజమే. కానీ నేను స్టోర్లలో పనిచేసినవాణ్ణి, అక్కడి వ్యవహారం వేరు. ఆర్డర్ వచ్చిన మర్నాడే లక్షల మంది టోపీల మీద బ్యాడ్జీ మారదు. కొత్తవి తయారవ్వాలి, డిపోలకు చేరాలి, ఇండెంట్ (సరుకు కావాలని కోరే పత్రం) పెట్టాలి, ఇష్యూ అవ్వాలి. ఏ సైన్యంలోనైనా పాత సరుకు కొన్నాళ్లు నడుస్తూనే ఉంటుంది. కిరీటం ఉంది కాబట్టి కొరియా వెళ్లే అవకాశమే లేదని కొట్టిపారేయకండి.

పతకాల_పంతులు

అవకాశం లేదని నేననలేదు బాబాయ్. కొరియా ధర పెట్టొద్దంటున్నాను. ఆ నమూనా బ్యాడ్జీలు కోర్ మొత్తానికీ ఇచ్చారు, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అవి లెక్కలేనన్ని. అందులో ఒకటి ఈ ఒక్క యూనిట్ మనిషిదని చెప్పాలంటే పక్కన పేబుక్కో (సైనికుడి జీతం వివరాలు రాసే పుస్తకం), పేరు చెక్కిన పతకమో, అదే మనిషి ఫొటోనో ఉండాలి. టోపీ బ్యాడ్జీ మీద యూనిట్ నంబరు ఉండదు. ఇత్తడి ముక్క ఒక్కటే చేతిలో పెట్టి కథ చెప్పేవాడికి ఇత్తడి ముక్క ధరే ఇవ్వాలి.

నిజంగా కొరియా వస్తువే కావాలంటే పతకాల వైపు చూడండి. ఐక్యరాజ్యసమితి కొరియా పతకం రిబ్బన్ మీద నీలం, తెలుపు సన్న చారలు ఉంటాయి. తర్వాత మన ప్రభుత్వం ఇచ్చిన విదేశ్ సేవా పతకం రిబ్బన్ మీద 'కొరియా' అని లోహపు పట్టీ ఉంటుంది. అయితే ఆ పట్టీ 1953లో యుద్ధ ఖైదీల అప్పగింత చూడటానికి వెళ్లిన కస్టోడియన్ ఫోర్స్ వాళ్లకూ వచ్చింది. జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడిగా ఉన్న కమిషన్ కింద పనిచేసింది ఆ దళమే. కాబట్టి పట్టీ ఒక్కటి చూసి 60 పారా అనుకోవద్దు.

సందేహాల_సత్యం

కిరీటం అంటే గుర్తొచ్చింది. 27వ బ్రిగేడ్ బ్రిటిష్ వాళ్లది కదా? అప్పుడే కిరీటం తీసేసుకున్న మనవాళ్లు వెళ్లి వాళ్ల కింద పనిచేయడం విడ్డూరంగా లేదా?

చరిత్ర_పురుగు

విడ్డూరమే! 1951 జులైలో బ్రిటిష్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దళాలతో 1వ కామన్వెల్త్ డివిజన్ ఏర్పాటైంది. మన యూనిట్ కూడా అందులో భాగం. ఆ డివిజన్ గుర్తు లేత నీలం డాలు, మధ్యలో కిరీటం, కామన్వెల్త్ అనే పేరు. టోపీ మీద సింహాలు పెట్టుకున్న మనవాళ్ల పై సంస్థ గుర్తులో కిరీటం! మన రాజకీయం ఒక దారి, ఆ కొండల్లో గాయపడ్డవాళ్ల అవసరం ఒక దారి. బ్రిగేడ్‌లోని ఆస్ట్రేలియా, బ్రిటన్ సైనికులు మాత్రం మన డాక్టర్లను తమవాళ్లుగానే చూసుకున్నారు.

శత్రుజిత్_అభిమాని

ఇక రెక్కల వైపు నేను చెప్తాను, నా ఇష్టమైన సబ్జెక్టు.

మెరూన్ బెరెట్ 1942లో బ్రిటిష్ పారాచూట్ దళాలతో మొదలైంది, మన పారా దళాలకూ అదే వచ్చింది. చాలామంది అనుకున్నట్టు అది పారాచూట్ రెజిమెంట్ సొత్తు కాదు. పారా బ్రిగేడ్‌లో ఉండే సిగ్నల్స్, ఇంజినీర్లు, వైద్యులు కూడా పెట్టుకుంటారు. బెరెట్ రంగు పారా దళానిది, దాని మీద బ్యాడ్జీ ఎవరి కోర్‌ది వాళ్లది. నలుపు తెలుపు ఫొటోలో బెరెట్ రంగు తెలియదు కాబట్టి మీకు రెక్కలే ఆధారం అయ్యాయి.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో మన 44వ ఎయిర్‌బోర్న్ డివిజన్ గుర్తు బ్రిటిష్ వాళ్లదే: మెరూన్ మీద లేత నీలంలో రెక్కల గుర్రం, దాని మీద వీరుడు, కింద 'ఇండియా' అని. స్వాతంత్ర్యం తర్వాత 50 పారాచూట్ బ్రిగేడ్‌కు సొంత గుర్తు వచ్చింది, అదే శత్రుజిత్. సగం గుర్రం, సగం మనిషి, చేతిలో విల్లు. నన్నడిగితే పాతదాని కన్నా ఇదే బాగుంది. పాతదాంట్లో వీరుడు గుర్రం ఎక్కి కూర్చున్నాడు, ఇందులో ఇద్దరూ ఒకటే.

ఒక హెచ్చరిక కూడా. 'బలిదాన్' బ్యాడ్జీ పారా స్పెషల్ ఫోర్సెస్ వాళ్లకు మాత్రమే. బజార్లో దాన్ని రెడ్‌క్రాస్‌తో కలిపి కుట్టి 'పారా మెడికల్ బ్యాడ్జీ' అని అమ్ముతున్నారు. అది టైలర్ గారి ఊహ.

లలిత_నర్సింగ్

మరి ఎడమ చేతి పట్టీ? అదీ యూనిట్ ఇచ్చే గౌరవమేనా?

మాజీ_మెడిక్

కాదమ్మా, దాని వ్యవహారం పూర్తిగా వేరు. టోపీ బ్యాడ్జీ, బెరెట్, రెక్కలు మన సైన్యం ఇష్టం, రేపు మార్చుకోవాలంటే మార్చుకోవచ్చు. ఎడమ చేతి పట్టీ అంతర్జాతీయ చట్టం. 1949 మొదటి జెనీవా ఒప్పందం 40వ అధికరణం చూడు. వైద్య సిబ్బంది ఎడమ చేతికి, తడికి పాడవని పట్టీ, దాని మీద ఈ గుర్తు, సైనిక అధికారి ముద్ర ఉండాలంటుంది. గుర్తింపు కార్డు కూడా వెంట ఉండాలి. అవసరానికి స్ట్రెచర్ మోయడానికి పెట్టుకున్న మామూలు సైనికులకు 41వ అధికరణం. వాళ్లకూ తెల్ల పట్టీయే, గుర్తు మాత్రం చిన్నది, అదీ ఆ పని చేస్తున్నంతసేపే. నాగయ్య గారూ, మీ ఫొటోలో గుర్తు పెద్దదా చిన్నదా?

నాణేల_నాగయ్య

పెద్దదే. పట్టీ వెడల్పంతా ఉంది. చివర గుండ్రంగా ఏదో మరకలా కనిపిస్తోంది, అది ముద్రేనేమో.

మాజీ_మెడిక్

అయితే పూర్తికాలపు వైద్య సిబ్బందే. ఆ గుర్తు ఉన్నవాడి మీద కాల్చకూడదు, అతను పోరులో పాల్గొనకూడదు. తన ప్రాణానికి, తన దగ్గరున్న రోగుల ప్రాణానికి ముప్పు వస్తే మాత్రం ఆయుధం వాడొచ్చు, దానివల్ల రక్షణ పోదని 22వ అధికరణం. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా, తెల్ల పట్టీ మీద ఎర్ర గుర్తు దూరం నుంచే గురిపెట్టడానికి వీలుగా ఉందని ఎన్నో యుద్ధాల్లో వైద్య సిబ్బంది దాన్ని తీసేసి పనిచేశారు. అందుకే కొరియా ఫొటోలు అన్నింట్లో పట్టీ ఉంటుందని అనుకోవద్దు.

అడిగావు కాబట్టి ఇదీ చెప్తున్నా. డాక్టరు కారు మీద, మందుల షాపు బోర్డు మీద రెడ్‌క్రాస్ వేసుకోవడం మన దేశంలో చట్టవిరుద్ధం. 1960 జెనీవా ఒప్పందాల చట్టంలో ఉంది. ఎవరు వింటున్నారు?

డిపో_బాబాయ్

బ్యాడ్జీల మాట వచ్చింది కాబట్టి మా ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్ గురించి ఒక్క ముక్క. మా డాలు మీద మూడు ఫిరంగులు, పైన మూడు గుండ్లు. ఇంగ్లండ్ పాత బోర్డ్ ఆఫ్ ఆర్డ్‌నెన్స్ నుంచి వచ్చింది. కళ్లు పెట్టి చూడండి, గుండు ఫిరంగి మూతి కన్నా పెద్దది! సరుకు ఇచ్చే శాఖ గుర్తులోనే సైజు తప్పు అని పోరాడే దళాల వాళ్లు మమ్మల్ని ఏడిపించేవాళ్లు.

మోడరేటర్

బాబాయ్ గారూ, ఆర్డ్‌నెన్స్, సర్వీస్ కోర్, ఈఎంఈ (యంత్రాల మరమ్మతు చూసే కోర్) చిహ్నాలకు వేరే చర్చ తెరుస్తున్నాను. మీ పోస్టు అక్కడా పెడతాను. ఇక్కడ 60 పారా గురించే మాట్లాడుకుందాం.

సందేహాల_సత్యం

ఆ యూనిట్ ఇప్పుడు ఉందా, రద్దు చేశారా?

చరిత్ర_పురుగు

భేషుగ్గా ఉంది, ఆగ్రాలో. ఇప్పుడు పేరు 60 పారా ఫీల్డ్ హాస్పిటల్. 1954లో కొరియా నుంచి తిరిగొచ్చారు. అక్కడున్న కాలంలో చూసిన రోగులు రెండు లక్షలకు పైనే. 1955లో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ యూనిట్‌కు ట్రోఫీ బహూకరించారు. 2015 నేపాల్ భూకంపానికి, 2018లో ఇండోనేషియా సునామీకి వెళ్లింది వీళ్లే. 2023 ఫిబ్రవరి తుర్కియే భూకంపం గుర్తుందా? 'ఆపరేషన్ దోస్త్' పేరుతో 99 మంది వెళ్లి ఇస్కెందెరున్‌లో 30 పడకల ఆసుపత్రి నడిపారు. అక్కడి మహిళ ఒకామె మన ఆర్మీ డాక్టరును హత్తుకున్న ఫొటో ఫోన్లన్నీ తిరిగింది. ఆ డాక్టరుది ఈ యూనిట్టే.

శత్రుజిత్_అభిమాని

2020లో దక్షిణ కొరియా ప్రభుత్వం రంగరాజ్‌ను జులై నెల యుద్ధవీరుడిగా ప్రకటించింది కూడా. అక్కడ స్మారకాల్లో ఈ యూనిట్ పేరుంది. మన దగ్గర రైలు కథ తెలిసినవాళ్లు ఎంతమంది?

నాణేల_నాగయ్య

అందరికీ ధన్యవాదాలు. పేబుక్కు గానీ, అదే మనిషి ఫొటో గానీ ఉంటే చూపించమని అమ్మేవాడికి రాశాను. "అవన్నీ ఎవరు దాస్తారు సార్, బ్యాడ్జీ చూస్తే తెలియట్లేదా" అని జవాబు. ధర మాత్రం అడక్కుండానే సగానికి దించాడు.

పతకాల_పంతులు

ఇంకా ఎక్కువే. 1943 నమూనా మామూలు బ్యాడ్జీగా కొంటానని చెప్పండి. ఒప్పుకుంటే వెనకవైపు ఫొటో అడగండి. టోపీకి తగిలించే లూపులు రెండూ అసలువేనా, తర్వాత అతికించారా చూసి చెప్తాను.